అయిదు ఊళ్ల గోడలకు వేలాడిన రొట్టె

మా సూరాకాన్ అవ్వ ఒక్కసారి గదమాయిస్తే, ఏడుస్తున్న మంచుకొండ కూడా ముక్కు తుడుచుకుంటుంది. నారిన్ లోయలో ఈ మాట నమ్మని మనిషి ఒక్కరే: అవ్వ.

ముప్ఫై ఏళ్లుగా ఆమె డెయిరీకి ఇంటింటా పాలు పోయించుకుంటూ పాలబండిలో అయిదు ఊళ్లు తిరుగుతోంది. ఏ ఇంటి ముందు క్యాను కనపడలేదో, ఏ కోడలి కళ్లు వాచాయో ఆమెకు తెలియకుండా ఉండదు.

ఆ ఏడు వసంతంలో మంచుచరియ విరిగిపడి ఎసెన్‌కుల్ గొర్రెల మందను మింగేసింది. మందతోపాటు అతని తమ్ముణ్ణి కూడా. ఎసెన్‌కుల్ మాట్లాడటం దాదాపు మానేశాడు. పట్నానికి నెలకోసారి మనసు డాక్టరమ్మ వస్తుంది. కానీ ఆ గుమ్మం తొక్కితే తమ పేరు పిచ్చివాళ్ల జాబితాలోకి ఎక్కుతుందని అందరికీ భయం. ఎవరూ వెళ్లరు.

ఒక ఉదయం మూడో ఊళ్లో నర్సు బేగాయిమ్ పాలు పోస్తూ అంది: "అవ్వా, ఎసెన్‌కుల్ తన జీను మా ఆయనకి ఇచ్చేశాడే! ఊరికే! వాళ్ల తాతల నాటిది."

అవ్వ చేతిలో కొలత గిన్నె ఆగిపోయింది. "జీను ఇచ్చేశాడంటే తిరిగిరాని ప్రయాణం పెట్టుకున్నాడే. మీ ఇంట్లో రొట్టె ఉందా?"

"ఉంది. మరి పాలో?"

"పాలకి కాళ్లు రావు. రొట్టె పట్టుకుని బండెక్కు."

అవ్వ తిన్నగా వెళ్లి ఎసెన్‌కుల్ మూతి దగ్గర రొట్టె పెట్టింది.

"కొరుకు."

"ఎందుకు పెద్దమ్మా?"

"దూరం పోయేవాడు రొట్టె కొరికే పోవాలి. మిగిలింది మేం గోడకి కడతాం. వచ్చి తినాలి. పద్ధతి మర్చిపోయావా, గొర్రెల్తో తిరిగి గొర్రెవైపోయావా?"

అతను రొట్టె అందుకున్నాడు. కొరికాడు. మింగలేక అక్కడే కూలబడి బావురుమన్నాడు. అవ్వ పక్కన చతికిలబడింది. ఎండెక్కింది. బండిలో పాలు విరిగాయి. ఆమె లేవలేదు.

వారం తిరక్కుండా అయిదు ఊళ్లలో అతని పంటిగాటు పడ్డ రొట్టెలు వేలాడాయి. అవ్వ లెక్క ప్రకారం అతను రోజుకో ఊరు వెళ్లి పాతది తినాలి, కొత్తది కొరికి రావాలి. ఒక ఇంట్లో ముల్లా టీ పోశాడు. ఇంకో ఇంట్లో బేగాయిమ్ నిద్ర ఎలా పడుతోందని అడిగింది. అయిదో ఇంట్లో, అవ్వ పోరు పడలేక పాలబండిలో వచ్చిన డాక్టరమ్మ చేతిలో పేరు రాసుకునే కాగితం లేకుండా కూర్చుంది.

ఆకులు రాలే వేళకి ఎసెన్‌కుల్ బేగాయిమ్ గుమ్మంలో నిలబడి తల గోక్కున్నాడు. "చెల్లీ, ఆ జీను... నాకు మళ్లీ కావాలి."

ఇప్పుడు ఆ ఊళ్లలో ఇంకా ఎవరెవరివో రొట్టెలు వేలాడుతుంటాయి. ఎవరివని ఎవరూ అడగరు. వాటి ముందు నిలబడితే అనిపిస్తుంది: ఒక ఎండు రొట్టె మనిషిని ఇంత గట్టిగా పట్టుకోగలదా!

ఇదంతా రాసి అవ్వకి చదివి వినిపించి, ఆ రోజు అతని పక్కన కూర్చుని ఏం చెప్పావని నేను అడిగితే అవ్వ ముఖం చిట్లించింది.

"ఏం చెప్పలేదు. నోరు మూసుకు కూర్చున్నా. నువ్వూ నేర్చుకో. ఆ పాలు విరిగిన సంగతి మాత్రం కొట్టెయ్, డెయిరీ వాళ్లు చదువుతారు."