ఝట్కా తగలనీయని మా ఇమ్మాన్ అన్న

నిన్న పొద్దున ఫోన్ మోగింది. వదిన నంబర్.

"అన్న పోయిండు" అని ఒక్క మాట. ఆ తర్వాత ఏడుపే.

ఎక్కడికి పోయిండు వదినా అని అడిగాను నేను. బుర్ర పనిచేయలేదు.

మొన్న సాయంత్రమే వీడియో కాల్‌లో నవ్వాడు. నెలనెలా టెస్టులు చేయించుకునే మనిషి. బీపీ నార్మల్, షుగర్ నార్మల్. నిన్న చాయ్ గ్లాసు చేతిలో పట్టుకునే ఒరిగిపోయాడట.

భయంగా ఉంది. ఇది రాస్తుంటే పక్క గదిలో మా ఆయన దగ్గినా ఉలిక్కిపడుతున్నాను.

తెలియనివాళ్లకు చెప్తాను. ఇమ్మానుయేల్ మా పెద్దమ్మ కొడుకు. వరంగల్‌లో ఇంజినీరింగ్ కాలేజీలో లెక్చరర్‌గా చేశాడు. ల్యాబ్‌లో ఇనుప కడ్డీలు ఎర్రగా కాల్చడం, కొన్నింటిని గబుక్కున, కొన్నింటిని మెల్లగా చల్లార్చడం, ఆ తర్వాత లాగీ కొట్టీ విరగ్గొట్టి చూడడం. అదే ఆయన పని.

"ఇరగ్గొట్టేతందుకు గూడ జీతమిస్తరా బావా?" అని మా ఆయన ఏడిపించేవాడు.

పైగా అన్న పరమ భయస్థుడు. మా ఇంట్లో కిరోసిన్ స్టవ్‌కు పంపు కొడుతుంటే లేచి వాకిట్లోకి పోయేవాడు. మేమంతా "పిరికి సార్" అనేవాళ్లం.

ఆ పిరికి సార్ లేకపోతే ఈ రోజు మా ఆయన ఉండేవాడు కాదు.

ఎనభైల మొదట్లో, హసన్‌పర్తి దగ్గర మా పొలంలో బావి తవ్విస్తున్నాం. కిరాయికి క్రేన్ తెచ్చాం. డీజిల్ ఇంజిన్, ఇనుప తీగ మోకు, మోకు చివర కొక్కెం, దానికి పెద్ద తొట్టి. రాళ్లు పైకి వచ్చేది అందులోనే, మనుషులు దిగేదీ ఎక్కేదీ అందులోనే.

కొక్కెం బరువుకు మాటిమాటికీ సాగి తెరుచుకునేది. మా ఆయనకు విసుగొచ్చింది. పాత లారీ స్ప్రింగు కమాన్ పట్టీ ఒకటి పట్టుకెళ్లి కమ్మరితో కొత్త కొక్కెం చేయించాడు. గడ్డపార మొనను ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుందని మా వైపు ఎవరినడిగినా చెప్తారు. దీన్నీ అట్లాగే ముంచమని పట్టుబట్టాడు. కమ్మరి వద్దన్నా వినలేదు.

రాళ్లు నింపి మెల్లగా ఎత్తి చూశారు. ఇసుమంత కూడా వంగలేదు. క్రేన్ నడిపే తమ్ముడు కొబ్బరికాయ కొట్టాడు. మా అత్తమ్మ ప్రార్థన చేసింది. ఇద్దరు దేవుళ్లకూ చెప్పుకున్నాం కదా, ఇంకేం ఫికర్ అనుకున్నాం.

మర్నాడు అన్న బావి చూడడానికి వచ్చాడు. అప్పటికే మా ఆయన, మా మరిది కింద పని చేస్తున్నారు. తొట్టి ఒడ్డు మీద ఉంది. అన్న కొక్కెం పట్టుకుని తిప్పి చూశాడు. ఎట్లా చేయించామో నేను గొప్పగా చెప్పాను.

అన్న కొక్కెం వదిలేసి నా వైపు తిరిగాడు.

"చెల్లె, గబుక్కున సల్లారిన ఇనుము గట్టిగనే ఉంటది. కానీ అద్దం లెక్క. ఒక్క ఝట్కా, ఒక్క కుదుపు తగిల్తే ఫట్టుమంటది."

"టెస్ట్ చేసినం గదా అన్నా!"

"మెల్లగ గుంజి చూసిన్రు. మెల్లగ గుంజితే ఓర్సుకుంటది. ఝట్కాకు ఓర్సుకుంటదా అని చూసిన్రా?"

పాత కొక్కెం కమ్మరి దగ్గరే వదిలేశాం. బావికి ఇంకా మెట్లు లేవు. ఇంట్లో ఉన్న మోకులేవీ అడుగుదాకా అందవు. వాళ్లు పైకి రావాలంటే ఆ కొక్కెమే దిక్కు.

కింది నుంచి మా ఆయన అరుస్తున్నాడు. "తొట్టి పంపుతలేరేంది?"

స్టవ్‌కు భయపడే మనిషి బావి అంచున బోర్లా పడుకున్నాడు.

"బావా, దుంకకున్రి. ఒక్కొక్కరే మెల్లగ ఎక్కున్రి." తర్వాత క్రేన్ తమ్ముడి వైపు తిరిగాడు. "తమ్మీ, క్లచ్చు జర జర ఇడువు. ఎంతసేపన్న కానీ. ఝట్కా తగలొద్దు."

ముందు మా మరిది వచ్చాడు. తర్వాత మా ఆయన ఎక్కాడు.

కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను.  తొట్టి ఒకచోట రాతికి ఒరుసుకుంది. అన్న చెయ్యెత్తాడు. ఇంజిన్ ఆగింది. తొట్టి ఊగడం ఆగేదాకా అన్న చెయ్యి దించలేదు. మళ్లీ మెల్లగా, మళ్లీ మెల్లగా.

ఒడ్డుకు రాగానే మా ఆయన నవ్వాడు. "ఏం కాలే గదా పిరికి సార్!"

అన్న తొట్టిలో రాళ్లు నింపించి, బావి మీదికి జరిపించి, కొంచెం కిందికి వదిలి టక్కున బ్రేకు వేయమన్నాడు.

ఫట్.

కొక్కెం రెండు ముక్కలైంది. రాళ్లతో సహా తొట్టి అడుగున పడిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. 

తర్వాతి కొక్కేన్ని కమ్మరి నీళ్లలో ముంచలేదు, బూడిదలో పూడ్చి తీరికగా చల్లార్చాడు. అది మళ్లీ సాగి తెరుచుకునేది. అన్న మాత్రం, "వంగనియ్ బావా. వంగేది ముందుగాల చెప్తది. మార్సుకోవచ్చు" అనేవాడు.

మరి నువ్వు ముందుగాల ఒక్క మాటైనా చెప్పలేదేం అన్నా? నెలనెలా తీసిన ఆ రిపోర్టుల్లో ఒక్కటైనా చెప్పలేదేం?

ఈ రోజు పొద్దున సమాధి చేశాం. కుర్రాళ్లు పెట్టెకు తాళ్లు వేసి దించుతున్నారు. ఒక వైపు తాడు కొంచెం జారింది. మా ఆయన అంచున మోకాళ్ల మీద కూలబడి గట్టిగా అరిచాడు.

"మెల్లగ దించున్రి! మా బావకు ఝట్కా తగలనియ్యకున్రి!"

పోయిరా అన్నా. ఇంక నీకు దేనికీ భయపడే పని లేదు. ప్రభువు ఒడిలో నిమ్మళంగా పడుకో.