జామపండు సెంటు

ఆదోనిలో నేను పనిచేసే చీరల అంగట్లో ఆడపిల్లలందరి దగ్గరా ఒకటే గులాబీరంగు సెంటు సీసా ఉండేది. చీర విప్పి భుజాన వేసి చూపించేవాళ్ల దగ్గర చెమట వాసన రాకూడదని సేటు మాట. పక్కనున్న ఫ్యాన్సీ అంగట్లో మాకు అందే ధరలో దొరికేది అదొక్కటే. కొట్టుకోగానే జామపండు కోసినట్లు గుప్పుమంటుంది. కాసేపటికి పండు పోయి మల్లెలొస్తాయి. సాయంత్రం ఇంటికొస్తూ ఎమ్మిగనూరులో బస్సు దిగేసరికి పీచుమిఠాయి తీపి మాత్రం మిగులుతుంది. గొప్ప సెంటేమీ కాదు. కానీ రోజంతా ఎవరెవరివో పెండ్లి చీరలు మడతపెట్టేదాన్ని, అది కొట్టుకున్న కాసేపూ నన్నూ ఎవరో పెండ్లికి పిలిచినట్లు ఉండేది. అందుకే నాకది ఇష్టం.

ఆ సీసాను మా అమ్మ కోసం ఇంట్లో వాడాల్సి వచ్చింది. చక్కెర జబ్బుతో అమ్మ కాలి పుండు మానలేదు. కాలు తీసేయాలని డాక్టర్లంటే అమ్మ ఒప్పుకోలేదు. రోజూ కట్టు మార్చినా వాసన వాకిలి దాకా వచ్చేది.

పక్కింట్లోనే మా పెద్దమ్మ, అమ్మకు సొంత అక్క. పెండ్లిళ్లయి ఇద్దరూ ఒకే వీధికి వచ్చినప్పటి నుంచి సాయంత్రం పూట అమ్మ తల దువ్వేది ఆమే. ఇప్పుడు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గడప బయటే నిలబడేది. "ఎట్లుండావే?" అని అడిగి, జవాబు వినీ వినకముందే వెళ్లిపోయేది. పుండు కంటే అమ్మను ఇదే ఎక్కువ బాధపెట్టింది. నేను దువ్వుతానంటే "మా అక్క వస్తాదిలే" అనేది.

ఒకరోజు పక్కబట్టల మీద ఆ సెంటు కొట్టాను. మా వైపు శవం మీద సెంటు చల్లే ఆచారముంది. అమ్మ కసిరింది. "సెంటు పీనుగులకు పోస్తారు గదే! అప్పుడే సాగనంపుతాండావా నన్ను?" కసిరి, ముక్కు ఎగబీల్చింది. "జామపండు మాదిరుందే... పో, మీ పెద్దమ్మను పిలువు."

పెద్దమ్మ వచ్చింది. గడప దాటింది, కొంగు దించింది. మంచం మీద కూర్చుని అమ్మ జుట్టు చిక్కు తీస్తుంటే, చిన్నప్పుడు ఇద్దరూ దొంగతనంగా కోసిన జామకాయల మాట వచ్చింది. "నిన్ను మోసుకొని ఉరికినానే, బరువుదానా!" అంది పెద్దమ్మ. అమ్మ నవ్వింది, ఎన్నాళ్లకో. వంటింట్లో నిలబడి ఆ సెంటు చేసిన మహానుభావుడికి దండం పెట్టుకున్నాను.

చవక సరుకు చవక సరుకే. పండు పోయింది, పువ్వూ పోయింది. మిగిలిన తీపిలో పుండు వాసన కలిసి ముందుకంటే ఘోరంగా లేచింది. పెద్దమ్మ వేళ్లు ఆగిపోయాయి. "పొయ్యి మీద పాలు పెట్టొచ్చినా" అంటూ లేచి, కొంగు నోట్లో కుక్కుకుని వెళ్లిపోయింది. జడ సగమే అల్లింది. ఆ సగం జడ విడిపోకుండా అమ్మ పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. నేను అల్లబోతే నా చేయి తోసేసింది. "పాలు దించి వస్తాదిలే."

రాలేదు. మరుసటి రోజు మళ్లీ సీసా తీస్తే అమ్మ వద్దంది.

"సెంటుకొచ్చేది నాకొద్దు. రావల్లనుంటే ఊరికే వస్తాది."

ఎదురుచూసి చూసి అమ్మ ఒక ఉదయం పోయింది. ఇంటి ముందు జనం చేరారు. పెద్దమ్మ గడప దగ్గర నిలబడి వెక్కి వెక్కి ఏడుస్తోంది, కానీ కొంగు మాత్రం ముక్కు మీద నుంచి తీయలేదు. "ఆ జామపండు సెంటు తేపో, సల్లుదాము" అంది నాతో. సీసా నా చేతిసంచిలోనే ఉంది. నాకు ఒళ్లు మండింది. అమ్మ చచ్చినాక కూడా ఈమె లోపలికి రావడానికి నేనే దారి వేయాలా?

"అయిపోయింది పెద్దమ్మా" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. నమ్మలేదనే అనుకుంటాను. కాసేపటికి కొంగు దించింది. లోపలికి వచ్చి, అమ్మ తల ఒళ్లో పెట్టుకుని, దువ్వెన అడిగింది. ఎవరో అగరొత్తులు దగ్గరికి జరపబోతే వద్దంది. జడ చివరిదాకా అల్లి, విడిపోకుండా దాని కొసను పిడికిట్లో పట్టుకుని కూర్చుంది.