గ్రెగ్ పేరు తీసిన చోట

2023 జూలై, ఆస్ట్రేలియాలో చలికాలం. పెర్త్‌లోని కానింగ్ వేల్ ఇండస్ట్రియల్ ఏరియాలో, టైర్ల షాపుకీ కిచెన్ బల్లలు చేసేవాళ్లకీ మధ్య ఇరుక్కున్న షెడ్డు నాది. ట్రోఫీలు, మెడల్స్, నేమ్ ప్లేట్లు చేస్తాను. నల్గొండ నుంచి అకౌంటింగ్ చదవడానికి వచ్చి, వీకెండ్లు ఇక్కడ పనిచేస్తూ, ఓనరు రిటైరైనప్పుడు షాపు నేనే తీసుకున్నాను. మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నేనేదో ఆఫీసులో ఉన్నానని చెప్పుకుంటారు. మధ్యాహ్నం డబ్బా విప్పుకుని ఒక్కణ్ణే తింటాను. షెల్ఫుల మీద బంగారు రంగు బ్యాట్స్‌మెన్ వరసగా నిలబడి చూస్తుంటారు గానీ, పప్పు ఎలా ఉందని ఒక్కడూ అడగడు.

నాకు బాగా ఇష్టమైన పని హానర్ బోర్డు. ఇక్కడ ప్రతి క్లబ్బు గోడకీ ఒక పెద్ద చెక్క పలక ఉంటుంది. ఏటా ఆ సీజన్ కోచ్, కెప్టెన్, బెస్ట్ ప్లేయర్ పేర్లు ఒకే వరసలో గోల్డ్ లీఫ్‌తో రాస్తారు. అంటే ఊపిరి తగిలినా ఎగిరిపోయే పల్చటి బంగారు రేకు. అది అతికించేటప్పుడు ఫ్యాను కూడా ఆపేస్తాను. బంగారు రంగు పెన్నుతో రాసి చేతులు దులుపుకునేవాళ్లూ ఉన్నారు, వాళ్ల సంగతి నన్నడక్కండి.

ఆ జూలైలో రమణ అంకుల్ ఒక యూనివర్సిటీ ఫుట్‌బాల్ క్లబ్బు బోర్డును దుప్పట్లలో చుట్టి, యూట్ అనే చిన్న ట్రక్కు వెనక వేసుకొచ్చారు. ఆయనది కాకినాడ. చాలా ఏళ్లుగా హారిస్‌డేల్‌లో ఉంటున్నారు. ఇక్కడి ఫుట్‌బాల్ బంతిని చేత్తో పట్టుకుని, ఒకరినొకరు గుద్దుకుంటూ ఆడే ఆట. ఆయన కొడుకు ఒకప్పుడు ఆ జట్టులో ఉండేవాడు. కొడుకు మానేసినా తండ్రి మానలేదు, శనివారమైతే గ్రౌండులోనే. కమిటీలో కూడా చేరారు.

"ఏవయ్యా మధూ, గ్రెగ్ పేరు తీసేయాలంట. కమిటీలో ఓట్ చేసేశారు. నేను అపోజ్ చేశాను, నా మాట ఎవడు వింటాడు? మావాడు ఇవాళ ఇలా ఉన్నాడంటే ఆయన పుణ్యమేనయ్యా."

గ్రెగ్ పేరు ఆ బోర్డు మీద పై నుంచి కింది దాకా ఉంది. అంతకాలం ఆయనే కోచ్. కుర్రాళ్లకు ఉద్యోగాలు ఇప్పించాడు, ఇంట్లో గొడవపడి వచ్చినవాళ్లకు తన ఇంట్లో పక్క వేశాడు. క్లబ్బు వాళ్లకు దేవుడే. అయితే తలకు దెబ్బ తగిలిన ఆటగాళ్లను ఆయన డాక్టరుకు తెలియకుండా మళ్లీ ఆడించాడని విచారణలో తేలింది. అలాంటి దెబ్బను కంకషన్ అంటారు. తగిలాక డాక్టరు సరేననే దాకా బయట కూర్చోవాలి. గ్రెగ్ కుర్రాళ్ల భుజం మీద చెయ్యేసి, 'బాగానే ఉన్నానని చెప్పు' అనేవాడు. వాళ్లు అలాగే చెప్పేవాళ్లు. పేపర్లో వచ్చాక గ్రెగ్ రాజీనామా చేసి ఎక్కడికో వెళ్లిపోయాడు.

బోర్డు నా షెడ్డులో గోడకు ఆనించి ఉన్నన్నాళ్లూ ట్రోఫీలకు వచ్చినవాళ్లంతా దాని ముందు ఆగేవాళ్లు. ఒకాయన "ఇంతమందిని మనుషుల్ని చేసినవాడి పేరు చెరిపేస్తారా?" అని మండిపడ్డాడు. ఇంకొకాయన "ఆ పేరు కింద నా పిల్లల్ని కూర్చోబెట్టను" అన్నాడు. ఇద్దరూ నా కౌంటరు మీద గుద్దుతూ వాదించుకున్నారు. గ్రెగ్ చివరి వరసలో, ఆయన పేరు పక్కనే బెస్ట్ ప్లేయర్ పేరుంది. వరుణ్. బోర్డు మొత్తం మీద మన పేరు అదొక్కటే. దాని జోలికి ఇద్దరూ పోలేదు.

పని మొదలుపెట్టే ముందు నేను ఒక్క అక్షరం గీకి చూస్తాను. ఆ చివరి వరసలోనే గ్రెగ్ పేరులో మొదటి అక్షరం తీశాను. బంగారం పోయింది, అక్షరం పోలేదు. కిటికీ ఎండ నేరుగా తగిలి చుట్టూ ఉన్న చెక్క నల్లబడింది, రేకు కింది చెక్క మాత్రం లేతగా ఉండిపోయింది. మా పనిలో దీన్ని ఘోస్ట్ అంటాం. అది పోవాలంటే బోర్డు మొత్తం సాండ్ పేపర్‌తో రుద్ది, అందరి పేర్లూ మళ్లీ రాయాలి. క్లబ్బు అడిగింది అదే, మచ్చ కూడా మిగలకూడదని.

రెండు రోజుల తర్వాత ఒక కుర్రాడు వచ్చాడు. మబ్బు పట్టిన రోజు కూడా నల్ల కళ్లద్దాలు, టోపీ. తలుపు దగ్గరే నిలబడి, "అన్నా, సారీ. లైట్స్ కొంచెం ఆఫ్ చేస్తారా? ఐ కాంట్..." అన్నాడు. చేత్తో చెవి మూసుకున్నాడు. లైట్లు ఆర్పాను, మెషీన్ ఆపాను. ఆ మసక వెలుతురులో బోర్డు ముందుకెళ్లి తన పేరు మీద వేలు పెట్టాక గానీ ఎవరో నాకు తెలియలేదు.

కుర్చీ వేశాను. ఇంజినీరింగ్ మధ్యలో ఆగిపోయిందట. చదివితే వాంతులవుతాయట.

"ఫ్రెండ్స్ వస్తున్నరా?" అన్నాను.

"ఫస్ట్ వచ్చారు. పేపర్‌కి నేను మాట్లాడిన తర్వాత... నాట్ రియల్లీ. అందరూ గ్రెగ్ గురించే ఫైట్ చేస్తారన్నా. గుడ్ మ్యానా, బ్యాడ్ మ్యానా అని. నాకు ఆయన ఇప్పటికీ ఇష్టం, యూ నో? హాస్పిటల్లో కళ్లు తెరిచి ఫస్ట్ ఆయన్నే అడిగాను. అమ్మ ఏడ్చింది," అన్నాడు.

"మరి పేరు ఉంచమంటవా?"

"నో. ఉంచితే ఏమీ జరగనట్టు." గీకిన అక్షరం దగ్గరకు జరిగాడు. "మొత్తం తీసేస్తే మాత్రం... నన్ను ఎవరు ఆడించారు అన్నా? నేనే వెళ్లి పడ్డానా?" లేత చెక్కను వేలితో తడిమాడు. "ఇలా వదిలేయొచ్చా? ఇలాగే?"

బోర్డు క్లబ్బుది, నిర్ణయం నాది కాదు. అదే చెప్పాను. "నీ మాట వాళ్లకు చెప్పనా?" అంటే తల ఊపాడు. తను వెళ్లలేనన్నాడు, అక్కడి చప్పుడు పడదట. బయటికెళ్లి బస్ స్టాపులో తల వంచుకుని కూర్చున్నాడు. బస్సు వచ్చేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాను. వెళ్లి పక్కన కూర్చోవాలని అనిపించింది, వెళ్లలేదు.

అంకుల్‌కు ఫోన్ చేశాను. "వరుణ్ వచ్చాడా? ఎలా ఉన్నాడు?" అన్నారు.

"మీరు చూసి ఎన్ని రోజులైంది అంకుల్?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్లనయ్యా? ఆ ఫైనల్ రోజు వాడు తలకు దెబ్బ తగిలి బెంచీ మీద కూర్చుంటే, మనవాణ్ణి దింపండి, దింపండి అని స్టాండ్స్‌లో అరిచింది మేమే. నేనైతే గొంతు పోయేలా అరిచాను. గ్రెగ్ మావైపు చూసి నవ్వి, వాణ్ణి పంపించాడు," అన్నారు.

కమిటీలో వరుణ్ మాట ఎత్తింది ఆయనే. పెద్ద గొడవే అయిందట. ఉంచాలన్నవాళ్లూ తిట్టారు, తీయాలన్నవాళ్లూ తిట్టారు. చివరికి వరుణ్ అడిగినట్టే చేయమని నాకు కబురు వచ్చింది.

బంగారం మాత్రమే తీశాను. ప్రతి వరసలోనూ గ్రెగ్ పేరు లేతగా కనబడుతోంది. నా చేతి మీదుగా అంత అసహ్యమైన పని ఎప్పుడూ బయటికి వెళ్లలేదు. సాండ్ పేపర్ పక్కనే ఉంది, చెయ్యి లాగుతూనే ఉంది. బోర్డు బిగించడానికి వెళ్లిన రోజు, "ఎవడీ పనివాడు? సగంలో వదిలేశాడు" అని ఎవరో నా వెనకే అన్నారు. నిచ్చెన మీద నుంచి వెనక్కి తిరగలేదు.

అందరూ వెళ్లాక అంకుల్ హాల్లో లైట్లన్నీ ఆర్పారు. వరుణ్ వచ్చాడు. ముందే రమ్మని చెప్పారట. తన వరస దగ్గర నిలబడి, కళ్లద్దాలు తీసి, తన పేరు చూసుకున్నాడు, పక్కన లేత మరక చూశాడు. "యా," అన్నాడు, అంతే. అంకుల్ అతని పక్కకొచ్చారు. "అన్నం తిన్నావా నాన్నా?" అన్నారు.

"నో అంకుల్."

"పద, ఆంటీ చారు పెట్టింది."

ఇద్దరూ కారు దాకా మెల్లగా నడుచుకుంటూ వెళ్లడం కిటికీలోంచి చూశాను. అంకుల్ కారు లైట్లు వేయబోయి ఆగారు. నేను ఆ చీకటి హాల్లో నిచ్చెన మడిచి, స్క్రూలు ఏరుకుని, షెడ్డుకు తిరిగొచ్చాను.

ఆ తర్వాత కూడా పేర్లు తీసేయమని ఇలాంటి బోర్డులు వచ్చాయి. ఇప్పుడు బ్లేడు తీసే ముందు, ఆ వరసలో పక్కనున్న పేరు ఎవరిదో, ఆ మనిషి ఇప్పుడెలా ఉన్నాడో అడుగుతాను. చాలామందికి తెలియదు. కనుక్కుని రమ్మని బోర్డు వాళ్ల చేతికే ఇచ్చి పంపిస్తాను.