సెన్సిటివ్ ఎవరు?

కోల్‌కతా పక్కనున్న సంత్రాగాఛి స్టేషన్ ఓవర్‌బ్రిడ్జి మెట్లు ఇరవై ఏళ్లుగా నేనే ఎక్కుతున్నాననుకునేవాణ్ని. ఆ రోజు అవే నా గుండెల మీదికెక్కాయి. సగంలో ఆగి దగ్గితే చేతిరుమాలులో ఎర్రటి చార. నాకు పాన్ అలవాటు లేదు కాబట్టి నెపం దాని మీద నెట్టే వీలూ లేదు.

ఎక్స్‌రే, కఫం పరీక్ష అయ్యాక డాక్టరుగారు, "టీబీ. ఆరు నెలలు మాత్రలు. ఒక్క రోజు మానకూడదు" అన్నారు. రెండు నెలలకే దగ్గు పోయింది. దాంతోపాటు బుద్ధీ పోయి మాత్రలు మానేశాను. వారానికోసారి మందులు తెచ్చే ఆరోగ్యకేంద్రం మిఠూదీదీకి మాత్రలు పారేసిన ఖాళీ రేకులు చూపించి అబద్ధమాడాను.

దగ్గు తిరిగొచ్చింది. మాత్రలు మానేశానని డాక్టరుగారికి చెప్పక తప్పలేదు. ఆయన మళ్లీ మాత్రలు మొదలుపెట్టించి, "క్రిమి రెసిస్టెంట్ అయిపోయుంటే ఈ మందులు పనిచెయ్యవు. చికిత్స పొడుగు, కష్టం. కల్చర్‌కి పంపిద్దాం" అన్నారు.

కోల్‌కతాలో కల్చర్ అంటే పాట, నాటకం అనుకునేవాణ్ని. నా కఫానికీ ఉందని అప్పుడే తెలిసింది. కఫంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూస్తారట; అది పెరగడానికి వారాలు పట్టింది.

రిపోర్టులో మందుల పేర్లకెదురుగా వరసగా 'సెన్సిటివ్' అని ఉంది. సెన్సిటివ్ పళ్లకు చల్లనీళ్లు పడనట్టు ఈ మందులు నా ఒంటికి పడవన్నమాట. అరచేతిలోని మాత్రలు తిరిగి డబ్బాలో పెట్టేశాను.

"ఏటండీ, మీరు సెన్సిటివ్ అని నన్నడిగితే సెప్పనా? ఒక్క మాటంటే రెండ్రోజులు మూతి ముడుసుకుంతారు. దానికిన్ని వారాల టెస్టా?" అంది మా ఆవిడ పార్వతి. నవ్వించాలనే అంది.

అంతలో మిఠూదీదీ వచ్చింది. రిపోర్టు చదివి, నాకీ మందులు పడవట అన్న మాట విని గుమ్మంలోనే చతికిలబడింది.

"అరె దాదా, సెన్సిటివ్ మీరు కాదు, క్రిమి! ఈ మందు తగిలితే చస్తుంది. భాలో ఖొబొర్, మంచి వార్త!"

పార్వతి కొంగుతో కళ్లొత్తుకుంది. నేను ఖాళీ రేకుల సంగతి ఒప్పేసుకున్నాను. దీదీ పార్వతిని గ్లాసు నీళ్లు అడిగి నాకిచ్చింది. "ఇకనించి రోజూ నా ఎదటే."

అన్నట్టే వచ్చింది. మా క్వార్టర్ల ముందు మోకాలిలోతు నీళ్లు నిలిచిన రోజున కూడా చెప్పులు చేతపట్టుకుని వచ్చి, పార్వతి దగ్గర నేర్చుకున్న తెలుగులో "మింగండి దాదా" అంది. అన్ని నెలల్లో ఒక్క పరుషమైన మాట అనలేదు. నేను సెన్సిటివ్ అని ఎవరో చెప్పేసినట్టున్నారు.

చివరి కల్చర్ రిపోర్టులో 'నో గ్రోత్' అని వచ్చింది. కల్చర్‌లో ఎదుగుదల లేదని మిఠాయి పంచినవాణ్ని ఈ ఊళ్లో నేనొక్కణ్నే అయ్యుంటాను. ఇప్పుడు ఆ మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను.

తెలియని మాట కనబడితే ఎలాగూ అడుగుతాం. నన్ను ముంచబోయింది తెలిసిన మాటే. రిపోర్టులో మీకు తెలిసిన ఇంగ్లీషు ముక్క కనబడినా డాక్టర్నడగండి. అడిగేలోగా మాత్ర మాత్రం మానకండి.