తేర్చిన నీళ్లు

కంచరపాలెంలో రైలు పట్టాలకు ఇవతల ఒక పెట్రోలు బంకు ఉంది. ఆ బంకు మేనేజరంటే నాకు ఒళ్లు మంట. నేనంటే ఆయనకూ అంతే. అక్కడ భూమిలో పాతిన ట్యాంకు ఒకప్పుడు కారింది. ఆ పెట్రోలు నేలలో ఎంతదూరం పాకిందో చూడటానికి మూడు నెలలకోసారి ల్యాబు తరఫున నేను వెళ్లి, అక్కడ తవ్విన బోరులోంచి పరీక్షకు నీళ్లు పట్టుకొచ్చేదాన్ని. ఖాళీ సీసాలూ, ఐసు పెట్టే మోసుకుంటూ చెమటలు కక్కుతూ దిగితే, ఆయన కుర్చీలోంచి కదలకుండా పలకరించేవాడు.

"మల్లీ వచ్చినారేటి మేడం? మా బోరులో పెట్రోలే ఉంటే ఈ పంపులెందుకు, బకెట్టుతో తోడి అమ్ముకుందును."

పంపుల దగ్గరున్నవాళ్లు పగలబడి నవ్వేవాళ్లు. నేను బోరు మూత విప్పుకునేదాన్ని.

బంకు వెనక సందులో ఒక మామ్మ ఇంట్లో నుయ్యి ఉంది. కోడలూ, ఇద్దరు మనవలూ ఆవిడ దగ్గరే ఉంటారు. సందు మొత్తానికి అదే నుయ్యి. నీళ్లు పెట్రోలు కంపు కొడుతున్నాయని అందరూ బంకు ముందు కూర్చుంటే, రోజూ పొద్దున్నే ఒక ట్యాంకరు మంచినీళ్లు పంపడానికి బంకువాళ్లు ఒప్పుకున్నారు. అయితే ఒక షరతు పెట్టారు. నూతి నీళ్లు వరసగా రెండు పరీక్షల్లో బాగున్నాయని తేలితే ట్యాంకరు ఆపేస్తారు. ఆ షరతు రాసిన మహానుభావుడెవరో గానీ, సందులోవాళ్ల దాహమంతా తెచ్చి నా సీసాలో పెట్టాడు.

మామ్మకు మొదటి రోజే నేను గిట్టలేదు. బంకువాళ్ల మనిషిననుకుంది. నీళ్లు తోడే సన్నటి గొట్టానికి తాడు కట్టి నూతిలోకి దించబోతే నా చెయ్యి పట్టుకుంది.

"ఆ గొట్టం ఇందాక బంకు బోరులో ముంచినావు. నాను సూడనేదనుకున్నావా? ఆ పెట్రోలు తెచ్చి మా నూతిలో కలుపుతావేటి?"

"కడిగాను మామ్మా. సబ్బు పెట్టి కడిగాను."

"ఎవులు సూసినారు?"

అరుగు మీద వెడల్పు మూతి గుండిగ చూపించింది. నేను వస్తానని తెలిసి ముందురోజు సాయంత్రమే నీళ్లు తోడి, పాత చీర మడతల్లోంచి వడగట్టి, తేర్చి ఉంచిందట. అంతకుముందు ఎవరో ఆఫీసర్లు వచ్చి, నీళ్లలో మట్టి చూసి, నుయ్యి శుభ్రంగా ఉంచుకోండని చీవాట్లు పెట్టి పోయారు. ఈసారి ఆ మాట రాకూడదని ఆవిడ పట్టుదల. ఆ ఇంట్లో తేర్చని నీళ్లు ఎవరికీ ఇవ్వరు.

"తేటగా ఉన్నాయి. ఇందులోవి పట్టుకెల్లు," అంది.

మూత లేకుండా ఉంచితే నీళ్లలో పెట్రోలు గాలిలోకి ఎగిరిపోతుంది. అందుకే నూతిలోంచి తీసిన వెంటనే, బుడగ కూడా లేకుండా సీసా నిండా పట్టి బిగించాలి. ఇది నాకు తెలుసు. నాకు జీతం ఇచ్చేదే అది తెలిసినందుకు. కానీ బయట ఎండ, బంకులో వెటకారం, ఇక్కడేమో దొంగను చూసినట్టు చూపులు. కడుపు మండిపోయింది. చావనీ అనుకుని గుండిగలోంచే సీసాలు నింపాను. కాగితం మీద నూతి నీరు అని రాసి సంతకం పెట్టాను. మూడు నెలలకు మళ్లీ వెళ్తే మళ్లీ అదే గుండిగ ఎదురొచ్చింది. ఈసారి నేను గొట్టం సంచిలోంచి తీయనైనా తీయలేదు.

రెండుసార్లూ నీళ్లు బాగున్నాయనే వచ్చింది. ట్యాంకరు ఆగిపోయింది. మేనేజరు నాకు ఫోన్ చేశాడు.

"ఇన్నాల్లకి ఒక మంచి పని సేసినారు మేడం."

ఆయన తిట్టినన్నాళ్లూ నాకు హాయిగా నిద్రపట్టింది. మెచ్చుకున్నాక పట్టలేదు. ఆ ఆదివారం సీలు విప్పని కొత్త గొట్టం ఒకటి తీసుకుని మామ్మ ఇంటికి వెళ్లాను. కవరు ఆవిడ కళ్లముందే చింపి నూతిలోకి దించాను. ఈసారి ఆపలేదు. పైకి లాగేసరికి గుప్పున వాసన కొట్టింది. మనవలు ముక్కులు మూసుకున్నారు. ట్యాంకరు ఆగిన దగ్గర్నుంచీ వాళ్లు ఆ నీళ్లే, రాత్రంతా ఆగే వీల్లేక, కాసేపు తేర్చుకుని తాగుతున్నారు.

"మరి బాగున్నాయని రాసినావేటి?" అంది మామ్మ.

"గుండిగలో పెట్రోలు ఎగిరిపోయింది. మీరే కదా గొట్టం దించనివ్వలేదు." సిగ్గు లేకుండా ఆ మాట అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నాను సదువుకోనేదు. ఎగిరిపోద్దని నాకెవులు సెప్పినారు? నీకు తెలుసు కదా. తెలిసీ పట్టుకెల్లినావు."

ఆవిడ గొంతైనా పెంచలేదు.

"తప్పు రాసినానని ఇంకో కాగితం రాసియ్. రేపు ట్యాంకరొస్తాది."

సంచిలో పెన్నుంది. ల్యాబు కాగితాలూ ఉన్నాయి. రాస్తే నా ఉద్యోగం పోతుంది.

"మా సార్ని అడిగి చెప్తాను మామ్మా," అన్నాను.

"అడుగమ్మా, అడుగు. అందాకా మా పిల్లలికి దాహం ఎయ్యకుండా నాను సూసుకుంటాన్లే."