తాత తీసుకుపోయిన ఉగాది

ఆ రోజుల్లో అంటే నేనేదో పళ్లూడిన మనిషినని అనుకోవద్దు. మొన్నమొన్నటి సంగతే. అప్పుడూ చేతిలో ఫోన్ ఉండేది, బోయిగూడ సందులో ట్రాఫిక్కూ ఇట్లాగే ఉండేది, నాకు ఉద్యోగం మాత్రం ఉండేది కాదు. డిగ్రీ అయిపోయి, ఏవో పరీక్షలకు చదువుతున్నానని ఇంట్లో నమ్మిస్తూ, ఇంటికి వచ్చిన ప్రతి కష్టం మీదా ఓ జోకు వేసి పొద్దు పుచ్చే కాలం. ఉద్యోగం లేనివాడికి ఇంట్లో రెండే పనులు. ఒకటి గ్యాస్ బండ మార్చడం, రెండోది అందరూ మొహాలు వేలాడేసుకున్నప్పుడు ఏదో ఒకటి అని నవ్వించడం. మొదటిదానికి అమ్మ మెచ్చుకునేది, రెండోదానికి చీపురు చూపించేది. ఆ ఏడాది రెండో పనికే గిరాకీ ఎక్కువ, ఎందుకంటే చలికాలం ఎంతకీ పోలేదు. మామూలుగా సికింద్రాబాద్ చలికి ఓ మర్యాద ఉంటుంది. వస్తుంది, స్వెటర్లకు గాలి తగిలిస్తుంది, తన దారిన తను పోతుంది. ఆసారి మాత్రం అద్దె కట్టని కిరాయిదారులా తిష్ట వేసింది, కదలమంటే కదల్లేదు.

ఆ చలిలో మా నానమ్మ కిటికీ పక్క మంచమ్మీద, రెండు శాలువాల కింద, సందు మొదట్లో ఉన్న వేపచెట్టును చూస్తూ పడుకుని ఉండేది. డాక్టరు వచ్చి గుండె అలిసిపోయిందన్నాడు. "నేను సుత అలిసిపోయిన, మరి నాకేం రాయలేదేంది సారూ" అని అడిగింది నానమ్మ. (నాకీ నోరు ఎక్కణ్నుంచి వచ్చిందని అమ్మ అందరినీ అడుగుతుంటుంది. ఆవిడకు తెలియక కాదు.) నానమ్మ చూసేది చెట్టును కాదు, పూతను. వేప పూసిందంటే ఉగాది వచ్చినట్టు. ఉగాది వస్తే మాకేం ఒరుగుతుందంటే, ఏమీ ఒరగదు. మాకు ఉగాది లేదు.

ఇది తెలియనివాళ్లకు చెప్పాలి. మావాళ్లలో పండగ రోజు ఇంట్లో ఎవరైనా పోతే ఆ పండగ కూడా వాళ్లతోనే పోతుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ పండగ చేసుకోరు. మళ్లీ అదే పండగ నాడు ఆ ఇంట్లో పిల్ల పుట్టాలి, లేదా ఆవు ఈనాలి. అప్పుడే పండగ తిరిగొస్తుంది. మా తాత ఉగాది పొద్దున పోయాడు. నానమ్మ చేసే ఉగాది పచ్చడి స్టీలు బకెట్లో సందంతా తిరిగేది, కానీ దేవుడికి పెట్టాక మొదటి గ్లాసు తాగి ఉప్పు సరిపోయిందో లేదో చెప్పే ఉద్యోగం మాత్రం తాతదే. ఆ రోజూ నానమ్మ గ్లాసు పట్టుకుని, "ఉప్పు జూడు" అంటూ కుర్చీ దగ్గరికి వచ్చింది. ఆయన చూడలేదు. అంతే, ఆ గ్లాసుతో మా ఉగాది ఆగిపోయింది. అప్పట్నుంచి ఉగాది వస్తే మేం తలుపు దగ్గరికేసుకుని పప్పూ అన్నం తినేవాళ్లం. పక్కిళ్లవాళ్లు పచ్చడి గ్లాసులతో మా గడప దగ్గరికి వచ్చేసరికి, అక్కడేదో గుంత ఉన్నట్టు పక్కనుంచి తిరిగి పోయేవాళ్లు.

నానమ్మకు పచ్చడి లేకపోవడం బాధ కాదు. చుట్టాల మాట బాధ. ఎవరొచ్చినా "పెద్దాయన పండుగ తీస్కపోయిండు గదా" అనేవాళ్లు, సామాను లెక్కపెట్టినట్టు. వాళ్లు వెళ్లాక నానమ్మ నన్ను పిలిచి చెప్పేది. "మనిషి పోయినంక గూడ దొంగతనం అంటగడ్తున్నరు జూడు. అంత కాపురం జేసిన, ఎవ్వలింట్లకెంచి అగ్గిపెట్టె సుత తేలే ఆయన. అసలు ఆయనకు పచ్చడంటెనే పడదు బిడ్డా. నా కోసమని మూతి వంకర పెట్టుకుంట తాగేటోడు. ఆయనెందుకు తీస్కపోతడు పండుగ?" ఆ పేరు కడిగి గాని నేను పోను, అనేది. నాకు జోకు తట్టేది కాదు. నీళ్లు తెచ్చిచ్చేవాణ్ని.

అట్లాంటి ఇంట్లోకి ఆ చలికాలం ఓ కబురు వచ్చింది. వరంగల్‌లో ఉండే మా అక్క అప్పటికే కడుపుతో ఉంది. కబురు తెచ్చింది మా చిన్నాయన, మా ఇంటి ఫోన్ గ్రూపులో. చిన్నాయన అంటే నాన్న తమ్ముడు, కార్ఖానా అనే పేటలో ఉంటాడు. ఏ సంగతైనా వాయిస్ మెసేజ్‌లోనే చెబుతాడు, మొదట ఓ నిట్టూర్పు, తర్వాత "అందరికి నమస్కారం", తర్వాత మళ్లీ నిట్టూర్పు, అసలు సంగతి చివర్లో. (వాళ్ల ఫ్రిజ్ చెడిపోయిన కబురు విని మా అమ్మ ఓసారి స్నానానికి లేచింది.) ఈసారి సంగతేమిటంటే, వేళ్ల మీద లెక్క వేస్తే అక్క కానుపు ఉగాదికే పడుతోంది. "బాపు పంపిస్తున్నడు పండుగను. రాసిపెట్టుకోన్రి" అన్నాడు చిన్నాయన. నానమ్మ ఆ మెసేజ్‌ను నాతో మళ్లీ మళ్లీ పెట్టించుకుని వింది. ఆ రోజు ఓ శాలువా తీసేసింది.

కానుపుకని అక్కను మా ఇంటికి తీసుకొచ్చాం. పాపం ఆటో దిగీదిగగానే ఒంట్లో ఎట్లా ఉందని ఒక్కరూ అడగలేదు. వచ్చినవాళ్లంతా "ఉగాదికి అయితదా?" అనే. రెండు రోజులు ఓర్చుకుని అక్క, "నేనేమన్న బస్సునా, టైముకొస్తదా రాదా అని అడుగుతున్రు" అంది. డాక్టరమ్మ చూసి ఉగాది దాటిన వారానికి అవుతుందంది. చిన్నాయన గుండె మీద చెయ్యి పెట్టుకుని కూలబడి, కాసేపటికి తేరుకుని, "ఆపరేషనైతె మనమే డేటు పెట్టుకోవచ్చు గదా" అన్నాడు మెల్లగా. అక్క చదువుతున్న పత్రిక మడిచి పక్కన పెట్టింది. "చిన్నాయనా, నా బిడ్డకు పుట్టకముందె డ్యూటీ వేస్తున్నవా? ఇంకోపారి అంటె నేనిప్పుడే వరంగల్ బండెక్కుత." చిన్నాయన ఇంకోసారి అనలేదు.

ఆ అవసరం కూడా లేదని పంతులుగారు తేల్చారు. ఫోన్ చేస్తే, "ఆడపిల్ల కన్న బిడ్డ అల్లుడి ఇంటిపేరులోకి పోతుందయ్యా, మీ పండగకు చెల్లదు" అన్నారు. ఫోన్ స్పీకర్లో ఉంది. అందరం విన్నాం. నానమ్మ తీసేసిన శాలువాను మళ్లీ పైకి లాక్కుంది. అవతల పంతులుగారికి జాలి కలిగిందేమో, "ఆవు ఈనినా సరిపోతుంది. కాకపోతే ఆవు మీ సొంతమై ఉండాలి, మీ వాకిట్లోనే ఈనాలి" అన్నారు.

"ఆవుకు ఇంటిపేరు లేదు, అదొక్కటి మంచిగైంది" అన్నాను. ఎవరూ నవ్వలేదు. బోయిగూడలో, స్కూటర్ పెట్టుకోవడానికే పోట్లాడుకునే సందులో, ఆవు అనే మాట అంతటితో ఆగిపోవాల్సింది. కానీ శాలువా కింద నుంచి నానమ్మ, "మరి ఆవు యాడ దొరుకుతది?" అంది. ఆ గొంతు విన్నాక కాదనే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది. నాన్న లేచి వెళ్లి వాకిట్లోంచి స్కూటర్ తీసి సందులో పెట్టాడు. మా నాన్న మాట్లాడితే అట్లాగే మాట్లాడతాడు.

అట్లా నేనూ చిన్నాయనా చిన్న ట్రాలీ ఆటో మాట్లాడుకుని సిద్దిపేట అవతల ఓ ఊరికి బయల్దేరాం. దారంతా పొగమంచు. రైతు మాకు చూడి ఆవును చూపించి పాల సంగతి చెప్పబోయాడు.

"పాలు అక్కరలేదు. ఉగాదినాడు ఈనుతదా?" అన్నాడు చిన్నాయన.

రైతు మమ్మల్ని కిందికీ మీదికీ చూశాడు. "ఆ అంచుల్నే ఈనుతది సారు."

"అంచుల గాదు. ఆ రోజే ఈనాలె."

"అది నన్నడిగి చూడి కట్టలే సారు, నన్నడిగి ఈనదు."

"నాలుగు రోజులు ఆపెతందుకు ఏమన్న మందుంటదా?"

రైతు నా వైపు తిరిగాడు. "తమ్మీ, సారుకు పానం మంచిగనే ఉన్నదా?"

చిన్నాయనకు నడుంనొప్పి కాబట్టి డ్రైవర్ పక్కన కూర్చున్నాడు. నేను వెనక ఆవుతో. అది నా స్వెటర్ చేతిని నాకడం మొదలుపెట్టి అల్వాల్ దాకా ఆపలేదు. అప్పటికి చెయ్యి రెండింతలు పొడుగు సాగింది. బోయిన్‌పల్లి మార్కెట్ దగ్గర కాలీఫ్లవర్ ఆకుల కుప్ప చూసి మార్కెట్టంతా వినపడేలా అరిచింది. సరిగ్గా అప్పుడే సిగ్నల్ పడింది. పక్కన స్కూటీ మీద మా కాలేజీ అమ్మాయి. మూడేళ్లు నా వైపు చూడని మనిషి ఆ రోజే చూసింది.

"ఏం జేస్తున్నవ్ ఇప్పుడు?"

"ఫ్యామిలీ బిజినెస్" అన్నాను.

ఆవు వాకిట్లోకి వచ్చేసరికి, సంక్రాంతి నుంచీ మంచం దిగని నానమ్మ గోడ పట్టుకుని బయటికి వచ్చింది. దాని నుదుటి మీద చెయ్యి పెట్టింది, డొక్క తడిమింది. "మంచి కడుపు" అంది. మర్నాటి నుంచి ఎండ పడగానే ఆవు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చునేది. దాంతో మాట్లాడేది కూడా. "తొందరపడకు బిడ్డా. జెర ఆగు. ఆయన పరువు నీ చేతుల ఉన్నది." అది నెమరు వేస్తూ వినేది. మా ఇంట్లో నానమ్మ మాట అడ్డం రాకుండా విన్నది ఆ ఆవొక్కటే. బెల్లం దానికే, అటుకులూ దానికే. "ఈ ఇంట్ల నేను సుత కడుపుతోనె ఉన్న, జెర యాదిల పెట్టుకోన్రి" అని అక్క కిటికీలోంచి అరిచేది. నానమ్మ దగ్గు తగ్గింది. రెండు ముద్దలు ఎక్కువ తింటోంది. చిన్నాయన నిట్టూర్పులు కూడా కురచయ్యాయి. డాక్టర్ కంటే ఓ ఆవు బాగా పనిచేస్తుందని నేను గ్రూపులో పెడితే, మొట్టమొదటిసారి నాన్న నవ్వు బొమ్మ పెట్టాడు.

చలి ఒక రోజున చెప్పాపెట్టకుండా పోయింది. పొద్దున స్వెటర్ వేసుకుంటే చెమట పట్టింది. నానమ్మ శాలువాలు రెండూ తీసి దండెం మీద వేయించింది. "చెట్టు జూసి రాపోరా, మొగ్గేసినట్టున్నది" అని నన్ను పంపింది. వెళ్లి చూశాను. ఎర్రటి చిగుళ్ల మధ్య నిజంగానే గసగసాలంత మొగ్గలు. ఆ మాట చెబుదామని వచ్చేసరికి నానమ్మ కుర్చీలో, ఎండలో, ఓ చెయ్యి ఆవు మెడ మీద వేసి ఉంది. ఆవు కదలకుండా నిలబడి ఉంది. అమ్మ టీ గ్లాసుతో గడపలో ఆగిపోయింది.

ఆ రోజు చిన్నాయన వాయిస్ మెసేజ్ పెట్టలేదు. "అమ్మ లేదు" అని టైపు చేసి పెట్టాడు, అంతే. ఆయన నోట్లో అంత చిన్న మాట ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. నేను దండెం మీది శాలువాలు తీసి, మడిచి లోపల పెట్టాను. దినాలు అయ్యేదాకా ఇంట్లో ఎవరూ నన్ను చీపురుతో బెదిరించలేదు. బెదిరిస్తే బాగుండును అనిపించింది.

ఉగాది వచ్చింది. నానమ్మ పోయి ఏడాది మైల పట్టిన ఇల్లు, ఇప్పుడు ఏ పండగా లేదు. తలుపు దగ్గరికేశాం. పొద్దున్నే ఆవు పడుకుంటూ లేస్తూ ఉంటే నేను వాకిట్లో కూర్చున్నాను. చిన్నాయన కార్ఖానా నుంచి ముందురోజు వేసుకున్న చొక్కాతోనే వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సందులో పచ్చడి గ్లాసులు తిరగడం మొదలైన వేళకు ఆవు ఈనింది. తెల్లటి ఆడదూడ, నుదుట గోధుమరంగు మచ్చ. గ్లాసులు పట్టుకుని పోతున్నవాళ్లంతా గడప బయట గుంపుగా ఆగిపోయారు. ఇవ్వాలో వద్దో తెలియక చేతులు సగం చాపి, సగం ముడిచి నిలబడ్డారు.

"వచ్చింది వదినా, పండుగొచ్చింది" అన్నాడు చిన్నాయన.

"వస్తె ఏం జేస్కుంటం తమ్మీ. వచ్చిందని చెప్పెతందుకు మనిషి లేకపాయె" అంది అమ్మ.

పంతులుగారికి ఫోన్ చేశాం. పండగ వచ్చినట్టేనట, కాకపోతే ఏడాది దాటేదాకా చేసుకోకూడదట. "అంటే బెయిలొచ్చింది, బయటికొచ్చేది వచ్చే ఏడు" అన్నాను. అమ్మ నవ్వింది, నవ్వుతూనే కొంగు నోట్లో కుక్కుకుంది. చిన్నాయన మాత్రం లోపలికి వెళ్లి తాత ఫోటో ముందు, పక్కనే కొత్తగా చేరిన నానమ్మ ఫోటో ముందు, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "బాపూ, నీ మీద కేసు కొట్టేసిన్రు. అమ్మకు జెర చెప్పు" అన్నాడు. నిట్టూర్పు లేదు. ఆ మాట అసలైతే నేననాల్సింది. ఎవరూ నవ్వలేదు, నేను కూడా.

డాక్టరమ్మ చెప్పిన వారానికే అక్కకు ఆడపిల్ల పుట్టింది, ఏ పండగకూ సంబంధం లేని మామూలు మంగళవారం నాడు. అక్క అదే తన గెలుపు అంటుంది. ఆవునూ దూడనూ బోయిన్‌పల్లిలో మాకు పాలు పోసే ఆయన తోలుకుపోయాడు. నాకు ఉద్యోగం వచ్చింది, జుట్టు వెనక్కి తగ్గింది. నానమ్మ పోయి ఏడాది దాటాక వచ్చిన ఉగాదికి మళ్లీ పచ్చడి చేశాం. ఆవిడ పాళ్లు ఎవరికీ తెలియవు. బెల్లం ఇంతని అమ్మ, పులుపు అంతని అక్క, వేపపువ్వు కోస్తూ చీమలతో కుట్టించుకుని నేను. బకెట్ పట్టుకుని సందంతా తిరిగి, ఫోటోల ముందు చెరో గ్లాసు పెట్టి, మిగిలింది సీసాలో పోసుకుని బోయిన్‌పల్లి వెళ్లాను.

దూడ బాగా ఎదిగింది. మేం దాన్ని 'పండుగ' అని పిలుస్తాం. పాలాయన ఏమని పిలుస్తాడో నాకు తెలియదు. గ్లాసులో పోసి మూతి దగ్గర పెట్టాను. వాసన చూసింది, మూతి వంకర పెట్టింది, బుస్సుమని తల పక్కకు తిప్పుకుంది. అచ్చం మా తాతే. పచ్చడి పడని మనిషి మీద పచ్చడి దొంగతనం మోపి, ఇదుగో, పచ్చడి పడని దూడతోనే తిరిగి తెప్పించుకున్నాం. నవ్వొచ్చింది. ఒకప్పుడు ఇదే దారిలో, దీని తల్లి చేతిలో స్వెటర్ పోగొట్టుకుని, ఎవరైనా చూస్తారేమోనని తల దాచుకున్న ఆ పిల్లగాణ్ని తలుచుకుంటే ఇంకా నవ్వొచ్చింది. ఓ నాడు ఇక్కడికి గ్లాసుతో వస్తావురా అంటే వాడు ఎన్ని జోకులు వేసేవాడో. పేడలో నిలబడి ఆ గ్లాసు నేనే తాగాను. చేదు ఎక్కువ, తీపి తక్కువ. ఉప్పు మాత్రం సరిపోయింది. ఆ సంగతి పైకే చెప్పాను, ఎవరికి చెప్పాలో వాళ్లకు వినపడేలా.