‘టు బిగిన్ విత్’ తర్వాతి మాట

ఆ రోజుల్లో ఇంగ్లీషుకు మొదటి మాట దొరికితే చాలు, మిగతాది దానంతటదే తోసుకొస్తుందని నా గట్టి నమ్మకం. డిగ్రీ అయ్యాక ధర్మవరం నుంచి రోజూ రైలెక్కి హిందూపురంలో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు వెళ్లేవాణ్ని. అక్కడ మా సారు నేర్పిన ‘టు బిగిన్ విత్’ నాకు తెగ నచ్చేసింది. (ఇంట్లో అన్నం పెట్టమనడానికి కూడా వాడాను. అవ్వ భయపడి దిష్టి తీసింది.) సారు మాత్రం హెచ్చరిస్తూనే ఉండేవాడు: “ఏమబ్బా, ఆ మాటన్నావంటే ఇంకా చెప్పేది ఉండాదని ఎదుటోనికి మాటిచ్చినట్టు. ఎనకాలే రెండోది, మూడోది రావల్ల.” నేను మొదటిదాంతోనే మురిసిపోయాను.

పెనుకొండ దగ్గర ఒక ఫ్యాక్టరీ ఇంటర్వ్యూలో చివరికి ఇద్దరం మిగిలాం: నేను, మా క్లాసులోనే చదివే రొద్దం అమ్మాయి. ఉన్నది ఒక్క ఉద్యోగం. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి మీ గురించి ఇంగ్లీషులో చెప్పండన్నారు. “టు బిగిన్ విత్, మాది ధర్మవరం” అన్నాను దర్జాగా. “తర్వాత?” అన్నాడు ఆఫీసరు. “టు బిగిన్ విత్, మా నాయన పట్టుచీరలు నేస్తాడు.” “ఆ తర్వాత?” నేను కుర్చీలో ముందుకు జరిగాను. “టు బిగిన్ విత్...” ఆఫీసరు పెన్ను పక్కన పెట్టి నవ్వాడు. (నేనూ నవ్వాను. మర్యాద కదా!)

తర్వాత ఆ అమ్మాయి లేచింది. ఆమె ఇంగ్లీషూ నాదిలాగే కుంటిదే, కానీ ఆగలేదు. ‘టు బిగిన్ విత్’ అని మొదలుపెట్టి, తనకు మిషన్లంటే భయం లేదంది. రెండోది, ఇంటి దగ్గర బోరు మోటారు చెడిపోతే తనే విప్పి బిగిస్తానంది. మూడోదాని దగ్గర తడుముకుని, నావైపు చూసి, తెలుగులోకి దిగిపోయింది: “మూడోది, ఈయప్ప తెలివిలేనోడు కాదు సార్. భయానికి మాట రాలేదంతే. తెలుగులో అడగండి, బాగా చెప్తాడు.” ఒక్క ఉద్యోగానికి నాతో పోటీపడుతూ తన మూడో మాట నాకిచ్చేసింది! లేచి దండం పెట్టాలనిపించింది.

తెలుగులో అడిగారు, బాగానే చెప్పాను. అయినా ఉద్యోగం ఆమెకే వచ్చింది. రావాల్సిందీ ఆమెకే.

తిరుగు బస్సులో పక్క సీటాయన నన్ను ఎగాదిగా చూసి, “ఏమప్పా, మొగం ఎలిగిపోతాంది. ఉద్యోగమొచ్చిందా?” అన్నాడు. “వచ్చిందన్నా, మా క్లాసు పాపకు!” అన్నాను. తర్వాత నాకూ ఒక ఉద్యోగం దొరికింది, ఇంగ్లీషూ మెల్లగా అబ్బింది. కానీ ఓడిపోయి అంత సంతోషంగా ఇల్లు చేరడం మాత్రం నాకు మళ్లీ చేతకాలేదు.